మడత చాకు పని ఎవరి దగ్గర నేర్చుకోవాలి: గోదావరి డెల్టాలో ఉన్న దారుల పోలిక

కడియం, కడియపులంక నర్సరీలలో అంటు కట్టే పనివారి చేతిలోని మడత చాకును మొదటిసారి దగ్గరగా చూసిననాడే ఈ పని మీద నాకు మనసు పడింది. అరచేతిలో ఇమిడిపోయే ఆ చిన్న పనిముట్టు రోజంతా తెరుచుకుంటూ మూసుకుంటూ, జీడి కారే మామిడి కొమ్మలను కోస్తూ, తడి మట్టిలో పడి లేస్తూ ఉన్నా దాని మొన ఊగకూడదు, మూత వదులు కాకూడదు. అటువంటి చాకును సొంతంగా చేయడం నేర్చుకోవాలనుకునేవారికి మన డెల్టాలో నాలుగైదు దారులు ఉన్నాయి. ఊరి కొలిమి దగ్గర చేరవచ్చు, వర్క్‌షాపులో జీవితమంతా ఆకురాయి పట్టిన ఫిట్టరు దగ్గర చేరవచ్చు, నగరంలో మూడు నాలుగు రోజులపాటు జరిగే శిక్షణ తరగతికి రుసుము కట్టి వెళ్లవచ్చు, మడత చాకులే వృత్తిగా ఉన్న నిపుణుణ్ణి వెతుక్కుంటూ దూరప్రాంతానికి పోవచ్చు, లేదా వీడియోలు చూసి ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. వీటిలో మూడింటిని నేను స్వయంగా నడిచి చూశాను. ఎవరికి ఏది తగినదో చెప్పే ముందు నా నిర్ణయాన్ని దాచకుండా చెబుతాను: చాలామందికి మొదటి గురువు ఫిట్టరు కావాలి, రెండవ గురువు కమ్మరి కావాలి. ఈ వరుసను తారుమారు చేసినవారు నాలాగే రెండేళ్లు ఆలస్యంగా నేర్చుకుంటారు.

ఇలా ఎందుకు అంటున్నానో అర్థం కావాలంటే మడత చాకు లోపల ఏముందో కొంత వివరంగా చూడాలి. వంటింటి కత్తిలోనూ కొడవలిలోనూ ఉక్కు మంచిదై, పాయనం (కాల్చి చల్లార్చి ఉక్కుకు తగిన గట్టిదనం తెచ్చే పని) సరిగ్గా కుదిరితే పని ముప్పాతిక వంతు అయినట్టే. మడత చాకులో మాత్రం బలమంతా కీలులో ఉంటుంది. కత్తి మొదట్లో ఒక బెజ్జం, ఆ బెజ్జంలో దూరే ఇరుసు మేకు, కత్తికి రెండు పక్కలా ఇత్తడి రేకులు, వెనుక వెన్నుపట్టీ లాంటి స్ప్రింగు, వీటన్నిటినీ పట్టుకునే పిడి చెక్కలు, ఇంతే సరంజామా. అయితే ఇరుసు దగ్గర కత్తి పక్కల రేకులకు సుమారు 10 మిల్లీమీటర్ల మేర ఆనుకుంటుంది అనుకుంటే, అక్కడ 0.05 మిల్లీమీటర్ల సందు ఉన్నా 80 మిల్లీమీటర్ల దూరంలోని మొన వద్ద అది 0.4 మిల్లీమీటర్ల ఊగులాటగా బయటపడుతుంది. 0.05 మిల్లీమీటర్లు అంటే తలవెంట్రుక మందం కంటే తక్కువ. ఆ సందును కంటితో కొలవలేము, వేలితోనూ పట్టలేము. ఆకురాయిని ఎంత ఒత్తిడితో తోయాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన చేయి ఒక్కటే దానిని పోగొట్టగలదు. ఆ చేతి అలవాటును ఎవరు నేర్పగలరన్నదే గురువును ఎంచుకోవడంలో అసలు ప్రశ్న.

గురువు కంటే ముందు మీరు ఏ రకం చాకు చేయాలనుకుంటున్నారో తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక్కొక్క రకం ఒక్కొక్క విద్యను కోరుతుంది. అన్నిటికంటే సులువైనది స్ప్రింగు లేని చాకు. మన తాతల కాలం నాటి క్షౌరపు కత్తిని గుర్తు తెచ్చుకోండి: ఇరుసు బిగువు తప్ప దానిని పట్టి ఉంచేది ఇంకేమీ లేదు. జపాన్‌లోని మికి పట్టణంలో పంతొమ్మిదవ శతాబ్దం చివరినుంచి చేస్తున్న హిగోనోకామి చాకు ఇదే సూత్రం మీద నడుస్తుంది. కత్తి మొదట్లో బయటికి పొడుచుకు వచ్చిన చిన్న తోకను బొటనవేలితో నొక్కి పట్టుకుంటే పనిచేసేటప్పుడు అది వేళ్ల మీదకు మూసుకుపోదు. ఫ్రాన్స్‌లోని సవోయి ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన చాకు కూడా మొదట ఇటువంటిదే, దానికి తిరిగే ఉంగరపు తాళం చేర్చింది 1955లో మాత్రమే. అంటే ఆరు దశాబ్దాలకు పైగా ఆ చాకు తాళం లేకుండానే రైతుల జేబుల్లో తిరిగిందన్నమాట. కొత్తగా నేర్చుకునేవారు ఈ రకాన్ని చిన్నచూపు చూస్తారు. అది తప్పు. బెజ్జం నిలువుగా పడిందా, కత్తి పక్కలు సమానంగా ఉన్నాయా, ఇరుసు మేకును, అంటే రివిటును, ఎంత బిగించాలి అనే మూడు పాఠాలనూ అది దాపరికం లేకుండా నేర్పుతుంది.

రెండవది వెన్ను స్ప్రింగు ఉన్న చాకు. తెరిచినప్పుడు "టక్" అని ఆగి, మూసినప్పుడు మళ్లీ "టక్" అని కూర్చునేది ఇదే. అంటు కట్టే చాకులలో చాలావరకు ఈ జాతివే. ఇందులోని కష్టం చెప్పుకోదగ్గది. చాకు మూసి ఉన్నప్పుడు, సగం తెరిచినప్పుడు, పూర్తిగా తెరిచినప్పుడు, ఈ మూడు స్థితులలోనూ స్ప్రింగు వీపు పిడి వీపుతో సమంగా నిలవాలి. ఒకచోట వెంట్రుకవాసి తగ్గిస్తే మరొకచోట హెచ్చుతుంది. కత్తి మొదటి భాగాన్ని స్ప్రింగు ఎల్లప్పుడూ నొక్కి ఉండేలా ముందుగానే కొంత ఒత్తిడి ఇచ్చి బెజ్జం వేయాలి. ఆ ఒత్తిడి తక్కువైతే చాకు జేబులోనే తెరుచుకుంటుంది, ఎక్కువైతే గోరు విరుగుతుంది తప్ప చాకు తెరుచుకోదు. కత్తినీ స్ప్రింగునూ ఒకే మందపు పలకలోంచి కోసుకోవాలని, కాల్చి చల్లార్చిన తరువాత పైపొర పోయేలా రుద్దేటప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకేసారి రుద్దాలని మా గురువుగారు పట్టుబట్టేవారు. లేకపోతే కత్తి పలచనై, స్ప్రింగు మందంగా మిగిలి, రేకుల మధ్య కత్తి ఒరుసుకుంటూనో వదులుగానో ఉండిపోతుంది.

మూడవది తాళం ఉన్న చాకు. పక్క రేకులో ఒక భాగాన్నే వంచి, కత్తి మొదలుకు అడ్డంగా నిలిపే పద్ధతిని 1980వ దశకం తొలినాళ్లలో మైఖేల్ వాకర్ అనే అమెరికన్ చాకుల తయారీదారు నేటి రూపానికి తెచ్చారు. చూడటానికి ఆకర్షణీయంగా ఉంటుంది, మరలతో బిగిస్తారు కనుక విప్పి సరిచేసుకోవచ్చు. కానీ తాళం పట్టు సరిగ్గా కుదరకపోతే పని మధ్యలో జారి వేళ్లు తెగుతాయి. తాళం లేని చాకు వాడేవాడు జాగ్రత్తగా వాడతాడు. తాళం ఉందని నమ్మినవాడు నిర్భయంగా నొక్కుతాడు. అందుచేత మొదటి పది చాకులలో దీనికి చోటు ఇవ్వవద్దని నా గట్టి సలహా.

ఇక గురువుల సంగతి. ఊరి కమ్మరి దగ్గర చేరడమే అందరికీ మొదట తోచే దారి. నాకూ అదే తోచింది. కోనసీమలో ఇప్పటికీ కొలిమి ఆరిపోని ఊళ్లు కొన్ని ఉన్నాయి. కొడవళ్లు, గొడ్డళ్లు, కొబ్బరికాయలు ఒలిచే గునపాలు అక్కడే తయారవుతాయి. కొలిమి దగ్గర నేర్చుకునే విద్య మరెక్కడా దొరకదని ఒప్పుకోవాలి. ఉక్కు ఏ రంగుకు వస్తే సమ్మెట దెబ్బ వేయాలో, ఏ రంగు దాటితే అది పాడవుతుందో, నూనెలో దించినప్పుడు వచ్చే చప్పుడును బట్టి ఏమి జరిగిందో చెప్పగల మనిషి పక్కన ఆరు నెలలు నిలబడితే ఉష్ణమాపకం లేకుండానే మీకు వేడి కనిపించడం మొదలవుతుంది. కొలిమి పాకలో వెలుతురు తక్కువగా ఎందుకు ఉంచుతారో కూడా అప్పుడే అర్థమవుతుంది: ఎండలో చూస్తే ఇనుము రంగు ఒక మెట్టు తక్కువగా కనిపించి, మనం అతిగా కాల్చేస్తాము.

అయితే ఈ దారిలో ఒక పెద్ద లోపం ఉంది, దానిని మర్యాద కోసం దాచడం నేర్చుకునేవారికి మేలు చేయదు. కొడవలి చేసే చేతికి మిల్లీమీటరును లెక్కచేయవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. ఆ పనికి అది అక్కరలేదు. నేను చేరిన కొలిమిలో పెద్దాయన నాకు కత్తి సాగదీయడం చక్కగా నేర్పారు, కానీ ఇరుసు బెజ్జాన్ని ఎర్రగా కాల్చిన ఉక్కు మీద పోగరతో కొట్టి వేశారు. ఆ బెజ్జం గుండ్రంగా ఉండదు, నిలువుగా ఉండదు. అలా చేసిన మూడు చాకులూ నెల తిరగకుండా ఊగులాడాయి. తప్పు ఆయనది కాదు. మడత చాకు చేయించమని నేను తప్ప ఆయనను అడిగినవారే లేరు.

ఫిట్టరు దగ్గరి విద్య దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ డెల్టాకు కాలువలనే కాక, వాటి మీద లాకులనూ తలుపులనూ కూడా తెచ్చింది. ఆ తరువాత బియ్యపు మిల్లులు, నూనె మిల్లులు, పంచదార మిల్లులు వచ్చాయి. వీటన్నిటి యంత్రాలకు ఇరుసులు, బుష్‌లు, కీలులు అమర్చి బతికినవారు రాజమహేంద్రవరం, కాకినాడ, తణుకు, తాడేపల్లిగూడెం పరిసరాలలో ఇప్పటికీ ఉన్నారు. పదవీ విరమణ చేసి ఇంటి వసారాలో ఒక బెంచీ వైసు, ఒక చిన్న డ్రిల్లింగు మెషీను పెట్టుకుని తాళం కప్పలూ మోటారు పంపులూ బాగుచేసుకుంటూ కాలక్షేపం చేసే ఫిట్టరు గానీ డై మేకరు (యంత్రాల అచ్చులు చేసేవారు) గానీ మీకు తెలిసి ఉంటే, చాకులు ఎన్నడూ చేయకపోయినా సరే, ఆయనే మీకు సరైన తొలి గురువు. డ్రిల్లు బిట్టు వేసిన బెజ్జం కొలత కంటే కొంత పెద్దదిగా, పూర్తి గుండ్రంగా లేకుండా పడుతుందని, అందుకని కొంచెం చిన్న బిట్టుతో మొదలుపెట్టి రీమరుతో (బెజ్జం లోపలి గోడను సన్నగా గీకి కొలతకు తెచ్చే పనిముట్టుతో) సరిగ్గా 3 మిల్లీమీటర్లకు తేవాలని ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఇత్తడి రేకును చేత్తో పట్టుకుని బెజ్జం వేస్తే బిట్టు పట్టేసి రేకు గిర్రున తిరిగి వేళ్లు కోస్తుందని, బిగించకుండా మెషీను నడపకూడదని ఆయన మొదటిరోజే చెబుతారు.

నా రెండవ గురువుగారు ఇటువంటివారే. ఆయన దగ్గర మొదటి నెల రోజులు నేను చాకు మాటే ఎత్తలేదు. ఒక ఇనుప ముక్కను ఆరు వైపులా చదునుగా, మూలమట్టానికి సరిపోయేలా ఆకురాయితో అరగదీయడమే పని. విసుగు పుట్టిన రోజున ఆయన ఆ ముక్క మీద మూలమట్టం ఆనించి, కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, "బాబూ, ముక్కను చూడకు, వెలుతురు ఎక్కడ దూరుతోందో చూడు" అన్నారు. ఆ ఒక్క మాట నా చూపును మార్చింది. ఇప్పటికీ స్ప్రింగూ కత్తీ కలిసేచోట నేను మొదట చూసేది వెలుతురునే. ఫిట్టరు దగ్గర దొరకనిది ఉక్కును సాగదీసే విద్య, వేడిని కంటితో చదివే విద్య. కానీ మడత చాకుకు సాగదీయడం తప్పనిసరి కాదు. తయారుగా దొరికే పలకను రంపంతో కోసి, అరగదీసి చేసుకోవచ్చు. ప్రపంచంలో మంచి మడత చాకులు చేసేవారిలో చాలామంది అలాగే చేస్తున్నారు.

నగరాల్లో జరిగే చిన్న శిక్షణ తరగతుల గురించి నా అనుభవాన్ని ఉన్నదున్నట్టు చెబుతాను. అన్నిటికంటే ముందు నేను వెళ్లింది అక్కడికే. మూడవ రోజు సాయంత్రం చేతిలో మెరిసే చాకుతో తిరిగి వచ్చాను, ఇంట్లో అందరికీ చూపించాను. మరుసటి నెలలో రెండవ చాకు మొదలుపెట్టినప్పుడు తెలిసింది, అక్కడ బెజ్జాలు ముందే వేసి ఉన్నాయని, స్ప్రింగు ముందే కాల్చి సిద్ధం చేసి ఉందని, నేను చేసినదల్లా పిడి చెక్కలు అతికి నునుపు చేయడమేనని. అన్ని తరగతులూ ఇలాగే ఉంటాయని అనను. రుసుము కట్టే ముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇరుసు బెజ్జాన్ని నేనే వేస్తానా, స్ప్రింగును నేనే కాలుస్తానా? ఈ రెండింటికీ అవునని సమాధానం వస్తే, ఫిట్టింగు పని కొంత తెలిసినవారికి అటువంటి తరగతి నాలుగు నెలల వెతుకులాటను తప్పిస్తుంది. ఏమీ తెలియనివారికి మాత్రం అది ఒక జ్ఞాపికను ఇస్తుంది, విద్యను కాదు.

మడత చాకులే వృత్తిగా చేసే అనుభవజ్ఞుడు దొరికితే ఆ అదృష్టం వేరు. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ మడత కత్తులకు దేశమంతా పేరు మోసినది, కానీ భాష, బస, దూరం, అన్నీ ఆలోచించుకోవాలి. అటువంటి నిపుణుడి దగ్గర వారం రోజులు గడపడం కంటే, మీరు ముందుగా ఇక్కడ ఐదారు చాకులు చేసి, వాటిలోని లోపాలను పట్టుకుని వెళ్లి ఆయన ముందు పరచడం ఎక్కువ ఫలితాన్ని ఇస్తుంది. అనుభవం ఉన్నవాడు మంచి చాకును చూసి చెప్పేది తక్కువ, చెడిపోయిన చాకును చూసి చెప్పేది ఎక్కువ. ప్రశ్న తెలియకుండా వెళ్లినవాడికి ఆయన చేతివేగం మాత్రమే కనిపిస్తుంది.

ఐటీఐలో ఫిట్టరు కోర్సు 2 సంవత్సరాలు. పదవ తరగతి పూర్తి చేసిన వయసులో ఉన్నవారికి, ఈ విద్యతో పాటు ఒక ఉద్యోగార్హత కూడా కావాలనుకుంటే ఇది గట్టి పునాది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కమ్మరం, తాళాల తయారీ, ఆయుధాల తయారీ, సుత్తులు వగైరా పనిముట్ల తయారీ ఉన్నాయి. అందులో ప్రాథమిక శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సాయం లభిస్తాయి. అయితే అది ఇప్పటికే చేతివృత్తిలో ఉన్నవారి కోసం పెట్టినది. కమ్మరి కుటుంబంలో పుట్టి కొలిమి నడుపుతూ మడత చాకుల వైపు రావాలనుకునేవారు దానిని తప్పక చూడాలి. వీడియోల సంగతికి వస్తే, వాటిని గురువుగా కాక నిఘంటువుగా వాడుకోవడం మంచిది. పనిలో అడ్డం పడినచోట వెతికి చూస్తే ఎంతో ఉపయోగపడతాయి, కానీ మీ ఆకురాయి ఎటు ఒరుగుతోందో అవి చూడలేవు.

ఉక్కు ఎంపిక కూడా గురువు ఎంపికతో ముడిపడి ఉంది, ఈ విషయాన్ని చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. కొలిమి దగ్గర సహజంగా దొరికేది లారీ కమాను పట్టీ. దానిలో కార్బనం సుమారు 0.6 శాతం, గట్టిదనం కంటే ఓర్పు ఎక్కువ, కనుక స్ప్రింగుకు చక్కగా పనికొస్తుంది, కత్తికి ఫరవాలేదు. పాత బేరింగు ఉక్కులో కార్బనం 1 శాతం, క్రోమియం సుమారు 1.5 శాతం ఉంటాయి. కత్తికి అది ఎంతో మేలైనది, కానీ రింగును సాపు చేసి పలకగా సాగదీయడానికి మంచి కమ్మరి కావాలి. డై మేకర్లు వాడే ఓహెచ్‌ఎన్‌ఎస్ (ఆయిల్ హార్డెనింగ్ నాన్ ష్రింకింగ్) ఉక్కు పలకలుగా దొరుకుతుంది, నూనెలో చల్లారుతుంది, వంకర తక్కువగా పోతుంది. ఫిట్టరు దగ్గర నేర్చుకునేవారికి నా సిఫారసు అదే. కత్తికీ స్ప్రింగుకూ రెండింటికీ ఒకే పలక సరిపోతుంది. తుప్పు పట్టని ఉక్కు మీద మనసు ఉండటం సహజం, మన ఊళ్లలో శ్రావణ మాసపు తేమకు మామూలు ఉక్కు ఒక్క రాత్రిలోనే ఎర్రబారుతుంది. కానీ 440సీ వంటి ఉక్కును గట్టిపరచడానికి 1,000 డిగ్రీలు దాటిన వేడిని కొన్ని నిమిషాలపాటు నిలకడగా ఉంచాలి. ఊరి కొలిమిలో అది సాధ్యం కాదు, కరెంటు కొలిమి ఉన్న కర్మాగారానికి ఇచ్చి చేయించుకోవలసిందే. మొదటి సంవత్సరం మామూలు ఉక్కుతోనే గడపండి. పని ముగియగానే తుడిచి, కీలులో ఒక చుక్క నూనె వేసే అలవాటు ఎలాగూ కావాలి.

పాయనం గురించి కొంత ఎక్కువగా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఫిట్టరు నుంచి కమ్మరి దగ్గరకు వెళ్లవలసింది ఇందుకోసమే. ఓహెచ్‌ఎన్‌ఎస్ ఉక్కును సుమారు 800 డిగ్రీలకు కాల్చి గోరువెచ్చని నూనెలో దించాలి. సుమారు 770 డిగ్రీల వద్ద ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది; అయస్కాంతం వదిలేసిన తరువాత రంగు ఇంకొక్క ఛాయ ఎక్కేదాకా ఆగితే చాలు. నీళ్లలో దించితే పగులుతుంది. నూనెలోంచి తీసిన కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది కనుక, దానిని సుమారు 200 డిగ్రీల వద్ద గంటన్నరో రెండు గంటలో మళ్లీ వేడి చేయాలి. రుద్దిన ఉక్కు మీద లేత ఎండుగడ్డి రంగు వస్తుంది. ఇంతవరకు ఇంటి ఓవెను సాయంతో ఎవరైనా చేయగలరు. స్ప్రింగు మాత్రం వేరు. అది లేత గడ్డి రంగు దాటి, ముదురు ఊదా దాటి, నెమలి కంఠపు నీలం వచ్చేదాకా, అంటే సుమారు 300 డిగ్రీల దాకా వేడెక్కాలి. నేను చేసిన తొలి వెన్ను స్ప్రింగును కత్తితో పాటే ఓవెనులో పెట్టి, అదే రంగుకు ఆపేశాను. పదకొండవసారి తెరిచినప్పుడు అది మధ్యకు విరిగి, ముక్క నా కళ్లద్దాలకు తగిలింది. రక్షణ కళ్లద్దాలు లేకుండా ఈ పని జరిగే చోట, గురువు ఎంత గొప్పవాడైనా, మీరు నేర్చుకోవద్దు. ఆ నీలం రంగు అంచు నుంచి మధ్యకు ఎలా పాకుతుందో, ఎప్పుడు మంట నుంచి తీయాలో కొలిమి పెద్దాయన నాకు ఒక్క సాయంత్రంలో చూపించారు. కొబ్బరి చిప్పల బొగ్గు మీద ఒక ఇనుప పలక పెట్టి, పలకను వేడి చేసి, దాని మీద స్ప్రింగును పెట్టడం ఆయన పద్ధతి. మంట నేరుగా తగలదు కనుక రంగు నెమ్మదిగా వస్తుంది. ఈ పాఠానికి నేను సిద్ధమై వెళ్లాను కాబట్టి ఒక్క సాయంత్రం సరిపోయింది.

ఇప్పుడు ఎవరికి ఏది. నర్సరీలో పనిచేస్తూ, తమ చాకులను తామే బాగుచేసుకోవాలని, ఆపైన తోటివారికి చేసి ఇవ్వాలని అనుకునేవారు వారానికి రెండు సాయంత్రాలు ఫిట్టరు దగ్గర గడిపితే చాలు. వారికి చాకు ఎలా వాడతారో ముందే తెలుసు కనుక, అది సగం విద్య. కళాశాల చదువుతో పాటు ఆదివారాలు మాత్రమే దొరికేవారు కూడా ఫిట్టరునే ఎంచుకోవాలి, కానీ స్ప్రింగు లేని చాకుతో మొదలుపెట్టి, అటువంటివి మూడు తృప్తిగా కుదిరేదాకా రెండవ రకం జోలికి పోకూడదు. కమ్మరి ఇంట పుట్టినవారికి నా వరుస తిరగబడుతుంది: వేడి వారి రక్తంలోనే ఉంది, వారికి కావలసింది వైసు ముందు ఆరు నెలలు. చేతిలో డబ్బు ఉండి సమయం లేని ఉద్యోగులు నగరపు తరగతికి వెళ్లదలిస్తే, వెళ్లే ముందు ఇంట్లో ఒక ఇనుప ముక్కను చదునుగా అరగదీసే అభ్యాసం పూర్తి చేసుకుని వెళ్లండి, ఆ మూడు రోజుల విలువ రెట్టింపు అవుతుంది. అమ్మకం కోసం చేయాలనుకునేవారు మాత్రం తొందరపడకుండా ఫిట్టరు, కమ్మరి, చివరగా చాకుల నిపుణుడు, ఈ ముగ్గురినీ వరుసగా దర్శించుకోవాలి.

గురువును పరీక్షించడం అనే మాట వినడానికి అమర్యాదగా ఉంటుంది, కానీ మర్యాదగా చేసే మార్గం ఉంది. ఆయన ఎప్పుడో చేసిన వస్తువు, అది చాకు అయినా, తలుపు గడియ అయినా, తాళం అయినా, ఇప్పుడు ఎవరి వాడుకలో ఉందో అడిగి, వెళ్లి చూడండి. ఐదారేళ్లు వాడిన కీలు ఇంకా బిగువుగా ఉంటే ఇక మాటలు అక్కరలేదు. రెండవది, మీరు తప్పు చేసినప్పుడు ఆయన మీ చేతిలోంచి పని లాక్కుని తానే సరిచేస్తారా, లేక మీ చేతనే సరిచేయిస్తారా అన్నది గమనించండి. లాక్కునేవారు మంచి మనుషులే కావచ్చు, వారి దగ్గర మంచి చాకులు తయారవుతాయి, మంచి శిష్యులు తయారు కారు. ఇక బటను నొక్కగానే ఎగిరి తెరుచుకునే కత్తి నేర్పుతానని ఎవరైనా ఆశ పెడితే దండం పెట్టి వచ్చేయండి. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం ఇంటికి, వ్యవసాయానికి, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు ఉద్దేశించినవి కాక, 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల కోవలోకి వస్తాయి. బటను కత్తుల మీద కొన్నిచోట్ల ఇంకా కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. అంటు కట్టే చాకుకు 3 అంగుళాల లోపు కత్తి సరిపోతుంది, మీరు నేర్చుకునే కాలమంతా ఆ కొలత దాటవలసిన అవసరమే రాదు.

గురువుగారి దగ్గరకు వెళ్లే మొదటి రోజున చాకు బొమ్మలు తీసుకువెళ్లవద్దు. ఒక పది అంగుళాల చదును ఆకురాయి, ఒక చిన్న మూలమట్టం, ఒక కళ్లద్దాల జత, ఒక ఇనుప ముక్క తీసుకువెళ్లండి. రుసుము మాట ముందే తేల్చుకోండి. పెద్దవారు మొహమాటపడి వద్దంటారు, కనీసం డ్రిల్లు బిట్లు, రీమరు, ఎమిరీ కాగితాలు మీ ఖర్చుతో తెచ్చి పెట్టడం మీ బాధ్యత. నేర్చుకునేవాడే ఎక్కువ బిట్లు విరగ్గొడతాడు.

పిడి చెక్క సంగతి ఒక్కటి మిగిలింది. మన డెల్టాలో తాటి చేవ, చింత, తుమ్మ, గేదె కొమ్ము సులువుగా దొరుకుతాయి. వీటిలో కొమ్ము అందంగా ఉన్నా తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుని రివిటు దగ్గర చీలుతుంది. తాటి చేవ గట్టిది, నల్లని చారలతో చూడ ముచ్చటగా ఉంటుంది, కానీ అడ్డంగా కోసేటప్పుడు నార లేస్తుంది. మొదటి చాకులకు బాగా ఎండిన చింత చేవ గానీ తుమ్మ చేవ గానీ మంచిది. ఏ చెక్క అయినా వర్షాకాలంలో కోసి వెంటనే బిగిస్తే, వేసవి వచ్చేసరికి ముడుచుకుని రేకుల అంచులు బయటపడి చేతికి గీసుకుంటాయి. కాబట్టి గురువును వెతకడం ఎప్పుడు మొదలుపెట్టినా, పిడికి కావలసిన చెక్కను మాత్రం ఈ వేసవిలోనే పలచని ముక్కలుగా కోయించి, గాలి ఆడే నీడలో, అటకమీద పెట్టి ఉంచుకోండి. ఆకురాయి పని ముగించి, మూడు చాకులు చెడగొట్టి, నాలుగవది బిగించే నాటికి అది సిద్ధంగా ఉంటుంది.